నూకాలమ్మ నెత్తళ్లు, నా టిక్కుల పెట్టె

ఇరవై ఏడేళ్లు కరెంటు ఉద్యోగం చేశాను. మొదటి పద్దెనిమిదేళ్లు ఉన్న కరెంటు కోసం, ఆఖరి తొమ్మిదేళ్లు లేని కరెంటు కోసం. రెండోదే కష్టం. ఉన్న కరెంటు పోతే జనం తిడతారు, వస్తే ఊరుకుంటారు. లేని కరెంటు వస్తుందన్నా తిడతారు, రాదన్నా తిడతారు, ఎప్పుడొస్తుందో తెలియదంటే కూర్చోబెట్టి టీ ఇచ్చి మరీ తిడతారు. ఆ తొమ్మిదేళ్లలో నేను తాగిన టీ ఒకచోట పోస్తే విశాఖ ఔటర్ హార్బరులో ఇంకో ఓడ పడుతుంది.

యాభై మూడేళ్లకే స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. తలలో ఇంకా సగం నలుపు ఉంది. ఆ నల్ల సగం నాది, తెల్ల సగం సంస్థది.

ఈమధ్య అణు విద్యుత్తు మాట మళ్లీ గట్టిగా వినిపిస్తోంది. బొగ్గు వద్దు, ఎండా గాలీ చాలవు, నడుమ ఏదో ఒక నమ్మకమైన కరెంటు కావాలి అని టీవీలో నలుగురు కూర్చుని ఒకరి మాట ఒకరు వినకుండా చెబుతున్నారు. అలాంటి సంస్థల జనసంపర్క విభాగాల్లో కొత్తగా పిల్లలు చేరుతున్నారని విన్నాను. ఇది వాళ్ల కోసం. ప్రమోషన్ల సంగతి చెప్పను. రెండే వచ్చాయి, రెండూ వేరేవాళ్లకి ఇవ్వబోయి నాకిచ్చారు.

మేక కాపలా

మా నాన్న గోదావరి జిల్లా నుంచి స్టీలు కొలువుకి విశాఖ వచ్చాడు. మేం ఉన్న వైపు బొగ్గు మసి ఎంత ఉండేదంటే, మా అమ్మ పొద్దున్న తుడిచిన గచ్చు మీద మధ్యాహ్నానికి మా పాదాల ముద్రలన్నీ పడేవి. ఎవరు దొంగతనంగా వంటింట్లోకి వెళ్లారో ఆవిడ పోలీసులా ముద్రలు చూసి పట్టేసేది. తెల్ల చొక్కా పెళ్లిచూపులకి తప్ప వాడేవాళ్లం కాదు. కాబట్టి బొగ్గు మీద నాకున్నది సిద్ధాంతం కాదు, కక్ష.

ఇంజినీరింగు అయ్యాక ఒక పెద్ద కర్మాగారంలో కరెంటు గదిలో పడ్డాను. కొలిమికి కరెంటు ఆగకూడదు. ఇవాళ మబ్బు పట్టింది, రేపు కరిగిద్దాం అంటే ఇనుము వినదు. ఒకసారి టీ తాగేంత సేపు కరెంటు పోయింది. ఆ కాస్త సేపట్లో మా సూపర్‌వైజరు మొక్కని దేవుడు లేడు. సింహాచలం అప్పన్నకి తలనీలాలు ఇస్తానన్నాడు, అప్పటికి పదేళ్లుగా ఆయనది బట్టతల. ఎప్పుడూ ఉండే కరెంటు అంటే ఏమిటో నాకు అర్థమైంది ఆ రోజే.

అందుకే అణు విద్యుత్తు సంస్థలో జనసంపర్క అధికారి ఉద్యోగం ఉందంటే ఎగిరి వెళ్లాను. అక్కడ చూస్తే భీమిలి దాటాక సముద్రం ఒడ్డున కొంత స్థలం, చుట్టూ కంచె, ముందు ఒక బోర్డు. లోపల ప్లాంటు లేదు, ఒక మేక ఉంది. తొమ్మిదేళ్లలో ఆ కంచె లోపల పెరిగింది ఆ మేక సంతానం ఒక్కటే.

నా అభిప్రాయం అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. అణు కరెంటు పగలూ రాత్రీ చూడదు, పొగ వదలదు. అది నిజం. కట్టడానికి పట్టే కాలంలో పెళ్లయినవాళ్లకి మనవలు పుడతారు, అయ్యే ఖర్చు చెప్పిన రోజుకీ కట్టిన రోజుకీ పోలిక ఉండదు. అదీ నిజం. మిగిలిన చెత్త కొంచెమే, కానీ దాన్ని కాపలా కాయాల్సిన కాలం ముందు మన ప్రభుత్వాలన్నీ కలిపినా ఒక పూట. ఇదీ నిజమే. మా వాళ్లు మొదటిది మాత్రం చెప్పేవాళ్లు. ఎదుటివాళ్లు మిగతా రెండూ చెప్పి, చాలక మూడు తలల దూడల్ని పుట్టించేవాళ్లు. సూర్యుడి కరెంటు వాళ్లేమో సాయంత్రం ఆరు తరవాత ఏం చేస్తారో చెప్పకుండా మాట మార్చేవాళ్లు. మొత్తం మీద ఈ వాదనలో పూర్తి నిజం చెప్పినవాణ్ణి నేను చూడలేదు. ఒకసారి నేను చెప్పాను. దాని కథే ఇది.

పరంజ్యోతి గారి బొమ్మలు

మా పైఅధికారి పేరు పరంజ్యోతి. ఆయన దగ్గర నలభై ఎనిమిది స్లైడులు ఉండేవి. నలభై ఏడింటిలో ఎక్కడో కట్టిన అణు ప్లాంటు గుమ్మటం ఒక్కటే, వేరు వేరు పక్కల నుంచి. నలభై ఎనిమిదో దాంట్లో ఒక పాప పువ్వు పట్టుకుని నవ్వుతూ ఉంటుంది. ఏ ఊరికెళ్లినా తెర కట్టి ఈ నలభై ఎనిమిదీ చూపించాలి. 'భద్రత' అన్న మాట ఎన్నిసార్లు అనేవాణ్ణంటే, ముందు వరసలో ముసలివాళ్లు దానికి తాళం వేసేవాళ్లు.

స్లైడు చూసి మనసు మార్చుకున్న మనిషి ఈ భూమ్మీద లేడు. పరంజ్యోతి గారికి ఈ మాట చెబితే, "అయితే ఇంకో పన్నెండు కలుపుదాం" అన్నారు. చెడ్డ మనిషి కాదు. జనం అంటే భయం. తలుపు వేసుకుని ఉన్న జనం అయితే ఆయనకి చాలా ఇష్టం.

అందుకని నా అంతట నేనే ఒక ఉపాయం ఆలోచించాను. సంస్థ స్టోర్సులో రేడియేషన్ కొలిచే పెట్టె ఒకటి ఉంది. చేతిలో పట్టుకుంటే పట్టేంత ఉంటుంది, రేడియేషన్ తగిలినప్పుడల్లా టిక్కుమంటుంది. దాన్ని తీసుకెళ్లి, రేడియేషన్ అనేది మా ప్లాంటు కనిపెట్టింది కాదు, మన చుట్టూ ఎప్పటినుంచో ఉంది అని జనానికి వినిపిద్దామని. ముందు అరటిపండుతో మొదలుపెట్టాను, పుస్తకాల్లో అలా రాసి ఉంది. పెట్టె పలకలేదు. గెల మొత్తం తెచ్చి పెట్టాను. అరటిపళ్లకొట్టు అంతా దింపాను. అయినా పలకలేదు. పుస్తకాలు రాసేవాళ్లు ఎవరూ అరటిపండుకి పెట్టె పెట్టి చూసి ఉండరు.

గ్రానైటు మాత్రం బాగా పలికింది. పరంజ్యోతి గారి బంగళా గ్రానైటు మెట్ల దగ్గర పెట్టి చూపించాను. పెట్టె పెళ్లి బాజాలా అందుకుంది. ఆయన మర్నాటి నుంచి పేపరు చదివే కుర్చీని మెట్ల మీంచి మామిడిచెట్టు కిందకి మార్చారు. ముప్పై ఏళ్లుగా జనానికి 'భయపడకండి' అని చెప్పిన మనిషి. ఆ కుర్చీని చూసి నాకు బుద్ధి రావాల్సింది. రాలేదు.

గవ్వలపాలెంలో నా విజయం

కంచెకి దగ్గర్లో గవ్వలపాలెం. సముద్రమే పొలం, సముద్రమే రోడ్డు అన్నట్టు బతికే ఊరు. అక్కడి ఇసుక చాలాచోట్ల నల్లగా మెరుస్తుంది. ఆ నలుపులో ఉన్న ఖనిజానికి సహజంగానే కొంత రేడియేషన్ ఉంటుందని మా వాళ్లందరికీ తెలుసు. ఎవరూ బయటికి అనరు. నేను అన్నాను.

వేసవి, వేట నిషేధం నడుస్తోంది. పడవలన్నీ ఒడ్డున, మగవాళ్లందరూ ఖాళీగా. ఖాళీగా ఉన్న మత్స్యకారుల ముందు నిలబడి మాట్లాడటం అంటే సముద్రంలోకి ఈత రాకుండా దిగడం. ముందు కంచె దగ్గర పెట్టె పెట్టి వినిపించాను. టిక్కు. కాసేపాగి ఇంకో టిక్కు. తరవాత ఊళ్లో నల్ల ఇసుక గుప్పెడు తీసి దాని మీద పెట్టాను. పెట్టె జడివానలో రేకుల కప్పులా మోగింది. జనం అంతా ముందుకు వంగారు. నా జన్మలో అంతమంది నా మాట కోసం వంగడం అదే మొదలు. మత్తెక్కింది.

"చూశారా," అన్నాను. "మీ తాతల కాలం నుంచి ఇంత రేడియేషన్ మీదే నడుస్తున్నారు, పడుకుంటున్నారు. మీకేమైంది? ఇనప స్తంభాల్లా ఉన్నారు. మా కంచె దగ్గర ఇందులో పదో వంతు కూడా లేదు."

ఒకతను నవ్వి మా డ్రైవరు సింహాద్రితో, "బావ, మీ సారు మమ్మల్ని పొగుడతన్నాడా, తిడతన్నాడా?" అన్నాడు.

అప్పుడు వెనకనుంచి నూకాలమ్మ లేచింది. అరవై దాటిన మనిషి. ఊళ్లో నెత్తళ్లనే చిన్న చేపలు కొని, ఆ ఇసుక మీద ఎండబెట్టి, నగరంలో పాత మార్కెట్లో అమ్ముతుంది. ఆవిడ నిలబడితే ముందున్నవాళ్లు వాళ్లంతట వాళ్లే కూర్చున్నారు.

"బావూ, ఆ ఇసక మీదే కదా నాను నెత్తళ్లు ఎండబెడతన్నాను. మరైతే నా సేపలు ఏటైనట్టు?"

"ఏమీ కాలేదమ్మా. మీ చేపలు తరతరాలుగా రేడియేషన్‌లోనే ఎండుతున్నాయి," అన్నాను. ధైర్యం చెప్పాననుకున్నాను. చప్పట్లు కొడతారేమోనని ఒక క్షణం ఆగాను కూడా.

ఎవరో ఫోనులో తీశారు. ఆ మొత్తం గంటన్నర ఉపన్యాసంలో ఆ ఒక్క వాక్యమే ఫోనుల్లో తిరిగింది.

జీపులో వస్తుంటే, మధురవాడ దాటాక సింహాద్రి అన్నాడు. "సారు, మీరు సెప్పింది నిజమే గానీ, ఆ ముసిల్దాని సేపల మీద సెప్పకుండా ఉండాల్సింది."

సముద్ర ఉత్పత్తులు

మూడో రోజు నూకాలమ్మ రెండు బస్సులు మారి మా ఆఫీసుకి వచ్చింది. నెత్తళ్ల గంప రిసెప్షన్ బల్ల మీద పెట్టింది. ఆ వాసనకి మా ఏసీ గదిలో కూర్చున్నవాళ్లందరూ మొదటిసారి సముద్రం ఎంత దగ్గరో తెలుసుకున్నారు.

"మార్కెట్లో నా గంప సూసి ఎల్లిపోతన్నారు," అంది. "మోగే సేపలంట. నిన్న ఒకావిడ సేతిలోకి తీసుకుని, గవ్వలపాలెం అనగానే వొదిలేసి సెయ్యి కడుక్కుంది."

"నేను వివరంగా..."

"వివరం సెప్పినావు కదా, దాని తరవాతే ఇది. ఇను. నిషేదం అయ్యేదాకా మాకిదే కూడు. ఇంట్లో పదకొండు గంపలున్నాయి. వాన పడిందంటే పురుగొట్టేత్తాది. అప్పుడు కోళ్ల దాణాకి తప్ప దేనికీ పనికి రాదు. వాన ముందు ఇది అమ్మాల. నువ్వు సెడగొట్టినావు, నువ్వే బాగుసెయ్యాల."

ఏడవలేదు, అరవలేదు. గంప అక్కడే వదిలేసి, బస్సు టైమైందని వెళ్లిపోయింది.

పరంజ్యోతి గారు తలుపు సందులోంచి గంప వంక చూశారు. "పత్రికా ప్రకటన ఇద్దాం," అన్నారు. నేను రాసుకొచ్చాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, "చేప అన్న మాట వద్దు. సముద్ర ఉత్పత్తి అనండి," అన్నారు. "ఎండు అన్న మాట ఎందుకు, ఎండ గుర్తొస్తుంది. గవ్వలపాలెం పేరు తీసెయ్యండి. రేడియేషన్ అసలు వద్దు." మిగిలింది ఇది: 'కొన్ని తీరప్రాంత సముద్ర ఉత్పత్తుల విషయంలో ప్రజలు ఎలాంటి ఆందోళనా చెందాల్సిన అవసరం లేదు.'

అప్పటిదాకా గవ్వలపాలెం నెత్తళ్లు ఒక్కటే అమ్ముడుపోలేదు. ప్రకటన పడ్డాక భీమిలి నుంచి అచ్యుతాపురం దాకా ఎండుచేప అన్నది ఎవరూ ముట్టుకోలేదు. మిగతా అమ్మేవాళ్లందరూ కలిసి నూకాలమ్మని తిట్టారు. పిల్లలూ, ఇది రాసి పెట్టుకోండి: ఆందోళన వద్దని చెప్పాల్సి వచ్చిందంటే ఆందోళన మీరే మోసుకొచ్చారన్నమాట.

తినని సాక్షి

ఇక నేనే మార్కెట్లో దిగాను, పెట్టెతో. నూకాలమ్మ పక్కన నిలబడి నెత్తళ్ల మీద పెట్టి చూపించాను. ముందే చేపలకి అంటిన ఇసుక అంతా దులిపాం. పెట్టె టిక్కు అంది. ఖాళీ గాలిలో పెట్టినా అంతే అంటుంది, అది ఎప్పుడూ పూర్తిగా ఊరుకోదు. కానీ జనానికి టిక్కు వినపడగానే చాలు.

"అదిగో మోగింది," అంది ఒకావిడ.

"కాదమ్మా, ఉత్త గాలికి కూడా ఇంతే మోగుతుంది, చూడండి," అని గాల్లో పెట్టాను. మోగింది. చుట్టూ ఉన్నవాళ్లు చీర చెంగులు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. పక్కన ఉల్లిపాయలు అమ్మేవాడు కొట్టు కట్టేసి ఇంటికెళ్లిపోయాడు.

చేతిలో సంచితో ఒక టీచరమ్మ ఆగింది. ఆవిడ ఒక్కతే నా మాట పూర్తిగా విన్నది. విని, నెమ్మదిగా అడిగింది. "మీరు తింటారా ఇవి?"

మా ఇంట్లో ఏడు తరాలుగా చేప గడప దాటలేదు. వంటింట్లో చేప బొమ్మ ఉన్న క్యాలెండరు కూడా కట్టనివ్వరు. "నేను శాకాహారినండీ," అన్నాను.

ఆ ఎండలో, ఆ గోలలో, మార్కెట్టంతా ఒక్కసారి నిశ్శబ్దం అయిపోయిందని నాకు గుర్తు. నిజానికి అయి ఉండదు, ఒక గేదె అయినా అరిచే ఉంటుంది. టీచరమ్మ సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

నూకాలమ్మ గంప మీద ఈగలు తోలుతూ అంది. "నువ్వు తినవు, మమ్మల్ని తినమంటావు. అక్కడ నువ్వు ఉండవు, మమ్మల్ని ఉండమంటావు. మా ఊరోళ్లకి మీ మీద ఉన్న అనుమానం ఇదే. పెట్టె మీద కాదు."

రోషం వచ్చి, మర్నాడు అందరి ముందూ ఒక వేయించిన నెత్తల్ని నోట్లో వేసుకున్నాను. ఏడు తరాల నాలుక. చేప తప్పేమీ లేదు, చాలామంది దాని కోసం ప్రాణం ఇస్తారు. నాకు మాత్రం కళ్లు తిరిగి, మొహం వంకర పోయి, చెవుల దగ్గర చెమట పట్టింది. దాన్నీ ఫోనులో తీశారు. 'తిన్న ఆఫీసరు పరిస్థితి చూడండి' అని.

"సారు," అన్నాడు సింహాద్రి, "మీ మొకం సూత్తే నాకే బయ్యమేసింది. నాను సిన్నప్పటినుంచి తింతన్నాను."

ఎవరి మాట

ఇంటికెళ్లి మా ఆవిడ కామేశ్వరికి చెప్పాను, గవ్వలపాలెంలో గది అద్దెకి తీసుకుని కొన్నాళ్లు ఉందామని.

"మీరు నోరు జారితే నేను కాపురం మార్చాలా?" అంది.

"వానలు వచ్చేదాకానే."

పప్పు గిన్నె దింపి, తిరిగి నిలబడింది. "ఆ ఇసుకలో నిజంగా ఏమీ లేదా?"

"ఉంది. కొంచెం. భయపడాల్సినంత లేదు."

"ఇది మీ పరంజ్యోతి గారి మాటా, మీ మాటా?"

తొమ్మిదేళ్లలో ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నేనూ అడుక్కోలేదు. వేలమందికి చెప్పిన మాటని మొదటిసారి మా ఆవిడ కోసం లెక్క కట్టాల్సి వచ్చింది. గ్యాసు రసీదు వెనకాల కూర్చుని కట్టాను. ఎన్ని గంటలు ఇసుక పక్కన ఉంటాం, ఎంత దూరంలో పడుకుంటాం, పెట్టె చూపించిన లెక్క ఎంత. రెండుసార్లు తప్పు వచ్చింది. మూడోసారికి ధైర్యం వచ్చింది.

"నా మాటే," అన్నాను.

"అయితే పదండి. కుక్కరు మాత్రం మీరే మొయ్యాలి."

గది నూకాలమ్మ ఇంటికి మూడిళ్ల అవతల, రేకుల కప్పు. ముందు నల్ల ఇసుక, దాని మీద నెత్తళ్లు, వాటి మీద విశాఖ జిల్లా కాకులన్నీ. పొద్దున్నే నా పని ఆ కాకుల్ని తోలడం. ఇంజినీరింగు కాలేజీలో నాలుగేళ్లూ కట్టిన ఫీజు అక్కడ కాస్త పనికొచ్చింది, కర్ర ఏ కోణంలో తిప్పితే ఎక్కువ కాకులు లేస్తాయో కనిపెట్టాను. మెత్తబడకుండా రోజూ ఎండకి తీసే సరుకుని ఇసుక మీద కాకుండా కర్రలకి కట్టిన పాత వలల మీద ఎండబెడదామన్నాను. "ఇసక మీద ఎండితేనే రుసి," అని నూకాలమ్మ మూడు రోజులు వాదించి, నాలుగో రోజు ఇసుక దులిపే పని తప్పిందని ఒప్పుకుంది. నా గొప్పతనం అని మాత్రం అనలేదు.

మా ఆవిడా ఆవిడా వారంలో ఒకటైపోయారు. వాళ్లిద్దర్నీ కలిపింది నా మీద విమర్శ. ముక్కు మూసుకుని వచ్చిన కామేశ్వరి, నెత్తళ్లు ఎండాయో లేదో విరిచి చప్పుడు విని చెప్పే స్థాయికి చేరింది.

రెండు వారాలు దాటాక మార్కెట్‌కి బయల్దేరాం. పొద్దున్న మొదటి బస్సులో నూకాలమ్మ గంపలు, ఆవిడ పక్కన కామేశ్వరి, వెనక సీట్లో నేను. కండక్టరు రోజూ ఒకటే మాట, "సారు, మీరు కూడా అమ్మడం మొదలెట్టినారేటి?" పెట్టెని గదిలోనే వదిలేశాం, బ్యాటరీ తీసేసి. మార్కెట్లో కూర్చున్నాం. మొదటి నాలుగు రోజులు ఒక్క గుప్పెడు కూడా పోలేదు. అవతల సముద్రం మీద మబ్బు రోజుకింత లావెక్కుతోంది.

అయిదో రోజు అదే టీచరమ్మ వచ్చింది. నన్ను గుర్తుపట్టింది, నా మొహం అప్పటికి నగరంలో అందరి ఫోనుల్లోనూ ఉంది కదా.

"మళ్లీ వచ్చారా? ఇప్పుడు తింటున్నారా?"

"లేదండీ. కానీ అక్కడే ఉంటున్నాం. గవ్వలపాలెంలో, ఆ ఇసుక పక్కనే."

"ఉంటున్నాం అంటే?"

నేను మా ఆవిణ్ణి చూపించాను. టీచరమ్మ నా వైపు చూడటం మానేసి ఆవిడ వైపు తిరిగింది. "ఎన్నాళ్లయిందమ్మా? ఒంట్లో బాగానే ఉందా?"

"మూడు వారాలైంది," అంది కామేశ్వరి. "ఇరవై ఆరేళ్లు ఈయనతో ఉన్నాను. ఇసుక నన్నేం చేస్తుంది?"

టీచరమ్మ పకపకా నవ్వింది. గంప ముందు గొంతుక్కూర్చుని నెత్తల్ని విరిచి వాసన చూసింది. నవ్వితే చుట్టూ ఉన్నవాళ్లు ఆగుతారు కదా, ఆగారు. "అర కేజీ ఇవ్వమ్మా," అంది. నూకాలమ్మ తూచిన చేత్తోనే ఇంకో గుప్పెడు వేసింది.

ఆ రోజు గంప ఖాళీ అయింది. మర్నాడు రెండు. ఆ తరవాత పెట్టె గురించి ఎవరూ అడగలేదు. "ఆ ఇద్దరు అక్కడే ఉంటన్నారంట," అని ఒకరికొకరు చెప్పుకున్నారు. తొమ్మిదేళ్లలో నా సంస్థ చూపించిన స్లైడులన్నీ కలిపినా ఆ మాట అంత దూరం వెళ్లలేదు.

వాన మాత్రం మా కోసం ఆగలేదు. నాలుగు రోజులు ముందే దిగింది. పదకొండు గంపల్లో తొమ్మిదే అమ్ముడుపోయాయి. రెండు గంపలు తడిసి, కోళ్ల దాణాకి వెళ్లాయి.

ఆవిడ జవాబు

పరంజ్యోతి గారికి మార్కెట్ సంగతి తెలిసింది. చాలా సంతోషించారు. ప్లాంటు కట్టాలా వద్దా అన్న ప్రజాభిప్రాయ సభ దగ్గరపడుతోంది. "ఆ ఎండుచేపలావిడ చేత వేదిక మీద నాలుగు మంచి మాటలు చెప్పించండి," అన్నారు. కొత్త స్లైడు కూడా అనుకున్నారట, గుమ్మటం ముందు నూకాలమ్మ, చేతిలో పువ్వు.

ఆఖరి గంప అమ్మి బస్టాపులో నిలబడ్డప్పుడు ఆవిణ్ణి అడిగాను. అడగకుండా ఉండొచ్చు. కానీ అడగకుండా నేనే ఆవిడ తరఫున ఏదో చెప్పేస్తానేమోనని భయం వేసింది.

"సెప్తాను, నాకేటి బయ్యం," అంది. "కరెంటు కావాలనే సెప్తాను. ఐసు ఫ్యాక్టరీకి కరెంటు పోతే పడవ సేపలన్నీ కుళ్లిపోతాయి, ఆ బాద నాకు తెలీదేటి? ఎండ కరెంటు సాయంత్రం ఉండదు, బొగ్గు మసి సంగతి మీ ఆవిడ సెప్పింది. అదంతా అర్దమైంది. గానీ ఒకటి అడుగుతాను. మీ సారోళ్ల ఇళ్లు ఎక్కడ కడతన్నారు?"

నాకు ఆ ప్లాను తెలుసు. ఆవిడ ముందు ఇంకో ప్రకటన చదవబుద్ధి కాలేదు. "నగరంలో, కొండ మీద," అన్నాను. "సముద్రం కనపడేలా."

"కనపడేలాగా." ఆవిడ ఆ మాట నాలుక మీద కాసేపు ఉంచుకుంది. "అయితే ముందు ఆ ఇళ్లు మా ఇసక మీద కట్టమని సెప్తాను. తరవాత మీ కరెంటు పొయ్యి ఎక్కడ కట్టుకున్నా మాటాడదాం. రాసుకుంటారా ఇది?"

"రాస్తాను. వాళ్లు తీసేస్తారు."

"తీసేత్తే మళ్లీ రాయి."

రాశాను, తీసేశారు. మళ్లీ రాశాను, మళ్లీ తీసేశారు. మూడోసారి రాసిన కాగితంతోనే నా విరమణ కాగితం కూడా పంపాను. ఆ రెండిట్లో ఒకటి మాత్రం వెంటనే మంజూరైంది.

ఆ బస్టాపులోనే ఇంకో మాట కూడా అడిగాను, వానకి తడిసిపోయిన రెండు గంపల గురించి. క్షమించమని అడగబోయి, మాట సరిగా రాక, "నేను చెప్పింది నిజమే కదమ్మా," అనేశాను. అలాంటి మొండితనం మా ఉద్యోగంలో అందరికీ అంటుకుంటుంది.

నూకాలమ్మకి కోపం రాలేదు. "నిజమే బావూ," అంది. "అబద్దమైతే ఎవులూ నమ్మకపోదురు, నా గంపలు మిగిలుండేవి. నిజం సెప్పేసి నువ్వు జీపెక్కెల్లిపోనావు, అక్కడొచ్చింది సిక్కు. సెప్పినోడు పక్కన కూకోవాల."

ఖాళీ గంప బోర్లించి, దాని మీద చెయ్యి వేసి దుమ్ము దులిపి, నా వైపు జరిపింది. బస్సు రావడానికి ఇంకా చాలా టైముంది. కూర్చున్నాను.